ఫెడరేషన్‌ను సస్పెండ్ చేస్తే జిల్లాలో ఆడే పిల్లలకు ఏమవుతుంది?

మీరు రెండు ప్రశ్నలు కలిపి అడిగారు. అంతర్జాతీయ సంస్థ మన క్రీడా ఫెడరేషన్‌ను సస్పెండ్ చేస్తుంటే మన ప్రభుత్వం ఎందుకు ఆపలేకపోతోంది అన్నది ఒకటి, జిల్లా స్థాయిలో ఆడుకునే మీ అబ్బాయికి వీటితో ఏం పని అన్నది రెండోది. రెండోదానికే ముందు జవాబు చెప్తాను, ఎందుకంటే అది మా ఇంట్లో జరిగింది.

మా పెద్దమ్మాయి ఎనిమిదో తరగతి నుంచి ఇంటర్ దాకా ఒక ఆట ఆడింది. ఆట పేరు రాయను, రాస్తే సంఘం ఏదో తెలిసిపోతుంది. ఆ ఆటకి మా దగ్గర రెండు అసోసియేషన్లు ఉండేవి, రెండిటి పేర్లూ దాదాపు ఒకటే, రెండిటికీ ఒక అధ్యక్షుడు, ఒక కార్యదర్శి, ఒక గుండ్రటి సీలు. మాకు ఆ గొడవేమీ తెలియదు. కోచ్ సార్ ఎటు ఉంటే పిల్లలు అటు, అంతే. ఒకే నెలలో రెండు చోట్ల స్టేట్ మీట్ పెట్టారు, అటు వెళ్లి ఆడితే ఇక ఇటు ఆడనివ్వం అని వాట్సాప్ గ్రూపులో హెచ్చరిక కూడా వచ్చింది. రాత్రి ప్యాసింజర్‌లో వెళ్లాం, సీట్లు దొరక్క పిల్ల కిట్ బ్యాగు మీదే తలపెట్టి పడుకుంది. రెండో స్థానం వచ్చింది. తెల్లారి ఊళ్లో దిగగానే మా ఆవిడ జిరాక్స్ షాపు తెరిచేదాకా ఆగి మరీ ఆ సర్టిఫికెట్‌కి లామినేషన్ చేయించింది.

ఇంటర్ అయ్యాక స్పోర్ట్స్ కోటా వెరిఫికేషన్‌కి వెళ్లాం. పొద్దున ఏడింటికే లైన్లో నిలబడ్డాం, మా వంతు వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. అక్కడ కూర్చున్నాయన సర్టిఫికెట్ చేతిలోకి తీసుకుని, లామినేషన్ మీద వెలుతురు పడి అక్షరాలు కనపడకపోతే కాస్త వంచి పట్టుకుని, సంఘం పేరు చదివి, పక్కనున్న ప్రింటు కాగితం మీద వేలు పెట్టి పైనుంచి కిందికి వచ్చాడు. మళ్లీ పైనుంచి కిందికి వచ్చాడు. తర్వాత చాలా మెల్లగా చెప్పాడు, "నువ్వు ఆడలేదని అనట్లేదమ్మా, కానీ ఈ సంఘానికి ఆ ఏడాది గుర్తింపు లేదు." మా అమ్మాయి "ఫైనల్ ఆడాను సార్" అంది. ఆయన తలూపాడు గానీ సర్టిఫికెట్ మాత్రం వెనక్కి ఇచ్చేశాడు. పిల్ల దాన్ని ఫైల్లో తేదీల వరసలో తన చోట్లోనే మళ్లీ పెట్టుకుంది. బస్సులో ఇంటికొచ్చేదాకా ఒక్క మాట మాట్లాడలేదు. ఆ మౌనం నాకింకా గుర్తుంది. ఆ కోపంతోనే ఈ వ్యవస్థ ఎలా నడుస్తుందో కనిపించిన ప్రతి కాగితం చదివి తెలుసుకున్నాను.

నాకు అర్థమైంది ఇది. ఆటల్ని నడిపేది ప్రభుత్వం అని మనం అనుకుంటాం, కాదు. గుర్తింపు అనే ఒక గొలుసు నడుపుతుంది. అన్నిటికన్నా పైన అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ, స్విట్జర్లాండ్‌లోని లోసాన్‌లో. అది ఒక్కో ఆటకి ఒక్కో అంతర్జాతీయ ఫెడరేషన్‌ను గుర్తిస్తుంది: ఫుట్‌బాల్‌కి ఫిఫా, విలువిద్యకి వరల్డ్ ఆర్చరీ, ఇలా. ఆ ఫెడరేషన్ ఒక్కో దేశం నుంచి ఒకే ఒక్క జాతీయ ఫెడరేషన్‌ను సభ్యురాలిగా తీసుకుంటుంది, దాని కింద రాష్ట్ర సంఘం, దాని కింద జిల్లా సంఘం. ఇవేవీ ప్రభుత్వ కార్యాలయాలు కావు, చాలావరకు సొసైటీలుగా రిజిస్టరైన ప్రైవేటు సంస్థలు. ప్రభుత్వం చేతిలో ఉన్నవి వేరు. శిక్షణ శిబిరాలకి, విదేశీ పోటీలకి డబ్బు ఇస్తుంది, తన వైపు నుంచి ఒక గుర్తింపు ఇస్తుంది, 2011 నాటి స్పోర్ట్స్ కోడ్ ప్రకారం పదవుల్లో ఉన్నవాళ్ల వయసుకీ, ఎన్నేళ్లు కూర్చోవచ్చన్నదానికీ హద్దులు పెట్టింది. కానీ ఫెడరేషన్‌లో నేరుగా వేలు పెట్టిందా, పైవాళ్లు "బయటి జోక్యం" అని సభ్యత్వం ఆపేస్తారు. అప్పుడు మన ఆటగాళ్లు జెండా లేకుండా ఆడాలి, లేదా అసలు ఆడకూడదు. ప్రభుత్వం ఎందుకు ఆపలేకపోతోందన్న మీ మొదటి ప్రశ్నకి జవాబు ఇదే.

దీన్ని ఆర్చరీలో చూస్తే ఇంకా బాగా అర్థమవుతుంది, పైగా మన విజయవాడ అమ్మాయి అందులో ఉంది. ఆర్చరీ ఫెడరేషన్‌లో దాదాపు నాలుగు దశాబ్దాలు ఒకరే అధ్యక్షుడిగా ఉన్నారు. కోడ్ ఒప్పుకోదని 2012లో కేంద్రం గుర్తింపు తీసేసింది. అక్కణ్నుంచి కోర్టులు, కోర్టు నియమించిన పాలనాధికారి, 2018 డిసెంబరులో ఎన్నిక, ఆ ఎన్నిక మీద మళ్లీ సుప్రీంకోర్టు. చివరికి 2019 జూన్‌లో రెండు వర్గాలు ఒకే రోజున ఒకటి ఢిల్లీలో, ఇంకొకటి చండీగఢ్‌లో వేర్వేరుగా ఎన్నికలు పెట్టుకుని ఇద్దరు అధ్యక్షుల్ని ఎన్నుకున్నాయి. వరల్డ్ ఆర్చరీ ఆగస్టులో సస్పెండ్ చేసింది.

ఆ నవంబరులో బ్యాంకాక్‌లో ఆసియా ఛాంపియన్‌షిప్స్. మనవాళ్లు ఏ దేశానికీ చెందనివాళ్లుగా, తటస్థ జెండా కింద ఆడారు. కాంపౌండ్ (చక్రాలుండే విల్లు) మిక్స్‌డ్ టీమ్ ఫైనల్లో మన జ్యోతి సురేఖ, అభిషేక్ వర్మ కలిసి చైనీస్ తైపీ (తైవాన్) మీద 158 పాయింట్లు కొట్టారు. మొత్తం 160కి 158. అంటే పదహారు బాణాల్లో పోయింది రెండంటే రెండు పాయింట్లు! అలా ఆడి బంగారం గెలిచి పోడియం ఎక్కితే మన జెండా లేదు, జన గణ మన లేదు. ఆ అమ్మాయి చేసిన తప్పేంటి? ఆ ఏడాదే జూన్‌లో ప్రపంచ ఛాంపియన్‌షిప్స్‌లో వ్యక్తిగత కాంస్యం తెచ్చినప్పుడు భారత్ అనే రాశారు కదా, ఆరు నెలలు తిరగకముందే దేశం పేరు పోయింది. డిసెంబరులో నేపాల్‌లో దక్షిణాసియా క్రీడలు జరిగితే మన ఆర్చర్లు అసలు వెళ్లలేకపోయారు, అక్కడ ఆర్చరీలో ఉన్న పది బంగారు పతకాలూ బంగ్లాదేశే తీసుకుపోయింది. బంగ్లాదేశ్ ఆర్చర్లు కష్టపడ్డారు, వాళ్లనేం అనను. కానీ మన పిల్లలకి ఆ పోటీ మళ్లీ రాదు, ఏళ్ల తరబడి ఎదురుచూస్తే గానీ రాని అవకాశం అది. 2020 జనవరిలో పరిశీలకుల ముందు మళ్లీ ఎన్నిక జరిగి అప్పటి కేంద్ర మంత్రి అర్జున్ ముండా అధ్యక్షుడిగా గెలిచాక గానీ సస్పెన్షన్ ఎత్తలేదు, అదీ షరతులతో.

ఆ కాంపౌండ్ మిక్స్‌డ్ టీమ్ పోటీని ఇప్పుడు 2028 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌లో చేర్చారు. ఇలాంటి గొడవ ఇంకొకటి 2028లో వస్తే అన్న ఆలోచన వస్తేనే నాకు టెన్షన్.

ఆర్చరీ ఒక్కటే కాదు. భారత ఒలింపిక్ సంఘాన్నే 2012 డిసెంబరులో సస్పెండ్ చేశారు, 2014 ఫిబ్రవరిలో సోచి శీతాకాల ఒలింపిక్స్ మొదలైనప్పుడు మన ముగ్గురు క్రీడాకారులు ఒలింపిక్ జెండా వెనక నడిచారు. క్రీడలు నడుస్తుండగానే సస్పెన్షన్ ఎత్తేసినా, ల్యూజ్ (మంచు మీద స్లెడ్ పరుగు) ఆటగాడు శివ కేశవన్ పోటీ అప్పటికే అయిపోయింది. 2022 ఆగస్టులో ఫిఫా మన ఫుట్‌బాల్ సమాఖ్యను సస్పెండ్ చేసిన వేళకే గోకులం కేరళ అమ్మాయిల జట్టు ఆసియా క్లబ్ పోటీ కోసం తాష్కెంట్‌కి బయల్దేరి వెళ్లింది. విమానం ఎక్కి, దేశం దాటాక ఆడటానికి లేదన్నారు. పదకొండు రోజులకే, ఆగస్టు 26న, సస్పెన్షన్ పోయింది గానీ వాళ్ల పోటీ మాత్రం పోయింది. రెజ్లింగ్ ఇంకా విచిత్రం: 2023 ఆగస్టులో అంతర్జాతీయ సంస్థ సస్పెండ్ చేసింది, 2024 ఫిబ్రవరిలో ఎత్తేసింది, కానీ కేంద్ర మంత్రిత్వ శాఖ పెట్టిన సస్పెన్షన్ మాత్రం 2025 మార్చి దాకా ఉంది. ఏడాదికి పైగా ఒకే ఫెడరేషన్ బయట చెల్లుతుంది, ఇంట్లో చెల్లదు. ఈ మధ్యలో ఊళ్లో మట్టి అఖాడాలో కుస్తీ పట్టే పిల్ల ఏ ట్రయల్స్‌కి వెళ్లాలి?

ఇక నా అభిప్రాయం. ప్రభుత్వాలు ఆటల్లో తలదూర్చకూడదు అన్న నియమం తప్పు కాదు. మంత్రి మారినప్పుడల్లా జట్టు మారే రోజులు మనకి వద్దు. కానీ ఆ నియమాన్ని గొడుగులా పట్టుకుని లోపల ఇరవై ముప్ఫై ఏళ్లు కుర్చీ దిగనివాళ్లు ఉన్నారు. ఎన్నికలు పెట్టరు, కోర్టు అడిగితే స్వయంప్రతిపత్తి అంటారు. మరి పైనున్న అంతర్జాతీయ సంస్థ దగ్గర ఉన్న పెద్ద కత్తి సస్పెన్షన్ ఒక్కటే. ఆ కత్తి కుర్చీలో ఉన్నవాడికి తగలదు, బాణం పట్టుకున్నవాడికి తగులుతుంది. ఇదొక్కటీ మార్చనంతకాలం మిగతావి ఎన్ని మార్చినా సగమే అవుతుంది అని నేను గట్టిగా నమ్ముతాను.

2025 ఆగస్టులో పార్లమెంటు జాతీయ క్రీడా పాలన చట్టం చేసింది. గుర్తింపు ఇవ్వడానికి, తీసెయ్యడానికి ఒక జాతీయ క్రీడా బోర్డు, వివాదాలకి ట్రిబ్యునల్, ఎన్నికలు చూడటానికి ఒక ప్యానెల్, కార్యవర్గంలో పేరున్న క్రీడాకారులు కనీసం ఇద్దరు, మహిళలు కనీసం నలుగురు ఉండాలన్న నిబంధన. నాకు వీటిలో అన్నిటికన్నా ట్రిబ్యునల్ మీద ఆశ ఉంది, ఎందుకంటే హైకోర్టులో పడ్డ కేసు తేలేలోపు అండర్ 17 పిల్ల అండర్ 19 కూడా దాటేస్తుంది. ఆ బోర్డు ప్రభుత్వం నియమించేది కాబట్టి రేపు పైవాళ్లు దీన్నే జోక్యం అంటారేమో అన్న భయం చాలామందికి ఉంది, నాకూ ఉంది.

ఆటగాడు ఒంటరిగా ఏమీ చెయ్యలేడని మాత్రం అనుకోకండి. లోసాన్‌లోనే 1984లో పెట్టిన క్రీడా మధ్యవర్తిత్వ కోర్టు ఉంది. 2014లో ద్యుతీ చంద్‌ను హార్మోన్ల స్థాయి పేరుతో పోటీలకి దూరం పెడితే ఆమె అక్కడికే వెళ్లింది, 2015 జులైలో అంతర్జాతీయ అథ్లెటిక్స్ సంఘం పెట్టిన ఆ నిబంధననే కోర్టు నిలిపేసింది. ఒడిశా పల్లెలో నేత కుటుంబంలో పుట్టి, మన హైదరాబాద్‌లో రమేశ్ సార్ దగ్గర శిక్షణ తీసుకున్న అమ్మాయి, ప్రపంచ సంస్థ మీద గెలిచి 2016లో రియోకి వెళ్లింది. అయితే ఆమెకి లాయర్లు, నిపుణులు అండగా నిలబడ్డారు. జిల్లాలో ఆడే పిల్లకి తన సంఘం కార్యదర్శి ఫోన్ నంబరే దొరకదు.

అందుకే మీ అబ్బాయి విషయంలో ఎంట్రీ ఫీజు కట్టేముందు ఈ పని చెయ్యండి. ఈ జిల్లా సంఘానికి రాష్ట్ర సంఘం ఇచ్చిన అఫిలియేషన్ లెటర్ (తన కింద చేర్చుకున్నట్టు ఇచ్చే కాగితం) ఈ ఏడాదిది చూపించమనండి, పాతది కాదు. ఆ రాష్ట్ర సంఘం పేరు జాతీయ ఫెడరేషన్ వెబ్‌సైట్లో ఉందేమో అక్షరం అక్షరం సరిచూసుకోండి, ఎందుకంటే మా విషయంలో తేడా ఒక్క మాటలోనే ఉంది. జాతీయ ఫెడరేషన్‌కి కేంద్ర క్రీడా శాఖ గుర్తింపు ఉందో లేదో ఆ శాఖ సైట్లో జాబితా పెడతారు, దాన్ని తేదీ కనపడేలా ప్రింటు తీసి దాచుకోండి. వెరిఫికేషన్‌లో వాళ్లు అడిగేది పోటీ జరిగిన ఏడాది గుర్తింపు గురించి, ఈరోజు గురించి కాదు. కోచ్ సార్‌ని అడగడానికి మొహమాటపడకండి. మంచి కోచ్ అయితే ఏమీ అనుకోరు. మా సార్ కూడా మంచివారే, ఆయనకీ నిజంగా తెలియదు, తెలిశాక మా ఇంటికొచ్చి మా అమ్మాయి ముందు కూర్చుని చాలాసేపు తల ఎత్తలేదు. స్కూల్ గేమ్స్ పోటీలు ఈ సంఘాలతో పని లేని వేరే దారిలో నడుస్తాయి కాబట్టి వాటినీ వదలొద్దు. సర్టిఫికెట్‌కి లామినేషన్ చేయించకండి, సీలు, సంతకం సరిగా కనపడక ఇబ్బంది పడతారు.

మా అమ్మాయి కోటా లేకుండా మామూలు ర్యాంకుతోనే వేరే కాలేజీలో చేరింది, తర్వాత యూనివర్సిటీ జట్టుకి ఆడింది, ఇప్పుడు ఆదివారాలు మా వీధి పిల్లలకి ఆ ఆటే నేర్పుతోంది. పిల్లల తల్లిదండ్రులు ఫారాలు తెస్తే ముందు సంఘం పేరు చదివి, ఫోన్లో జాబితా తెరిచి, వేలు పెట్టి పైనుంచి కిందికి చూస్తుంది.

మీ అబ్బాయి ఏ ఆట ఆడుతున్నాడో, ఫారం మీద సంఘం పేరు ఏమని ఉందో రాయండి, జాబితా ఎక్కడ దొరుకుతుందో చెప్తాను.