టుండ్రా వాగు మీద పనికి వెళ్లే ముందు

అమ్మా,

అలాస్కాలో టూలిక్ ఫీల్డ్ స్టేషన్ అనే పరిశోధన కేంద్రానికి వెళ్తున్నావని తెలిసి సంతోషించాను. ఇమ్నావైట్ వాగులో నీళ్ల ప్రవాహం, కెమిస్ట్రీ కొలిచే పని అన్నావు కాబట్టి నాకు తెలిసింది చెప్తాను.

జూన్ చివర్లో ఎండ బాగా కాస్తుంది, అప్పుడు వెళ్దాంలే అనుకోకు. మే మధ్యకల్లా అక్కడుండు. చలికాలమంతా పేరుకున్న మంచు వారం పది రోజుల్లో కరిగిపోతుంది. ఏడాది ప్రవాహంలో పెద్ద వాటా అప్పుడే వెళ్లిపోతుంది. నేల ఇంకా గడ్డకట్టే ఉంటుంది, నీళ్లు ఇంకడానికి దారుండదు. నాచు, పీట్ (సగం కుళ్లిన మొక్కల మట్టి) పొరల గుండా జారి వాగులో పడతాయి. అందుకే డికాషన్ రంగు. కరిగిన ఆర్గానిక్ కార్బన్ ఎక్కువ, కండక్టివిటీ తక్కువ, అంటే కరిగిన లవణాలు తక్కువ. తర్వాత యాక్టివ్ లేయర్, అంటే ఏటా వేసవిలో కరిగే పైనేల, కరిగేకొద్దీ నీళ్లు కింది ఖనిజపు మట్టిని తాకుతాయి, కాల్షియం లాంటివి పెరుగుతాయి. కెమిస్ట్రీ చూసే ముందు నీళ్లు ఏ దారిన వచ్చాయో అడుగు.

ఆ రోజుల్లో నీటిమట్టం చూసి ప్రవాహం లెక్కగట్టకు. అడుగున ఐసు, అడ్డంగా మంచు ఉంటే మట్టం ఊరికే పెరుగుతుంది. ఓపిక చేసుకుని వేగం చేత్తోనే కొలువు, లేదా ఉప్పు ట్రేసర్ వాడు, అంటే తెలిసినంత ఉప్పు కలిపి కింద అదెంత పలచబడిందో చూసి ప్రవాహం లెక్కగట్టు. డిశ్చార్జ్ (సెకనుకు ఎన్ని నీళ్లు పారాయో) లేకుండా ఒక్క కాన్సెంట్రేషన్‌తో ఎంత పదార్థం కొట్టుకుపోయిందో చెప్పలేం.

వాగు ఒక్కటే చూసి రాకు. వాలు మీద పొట్టి విల్లో, బర్చ్ పొదలతో ముదురు పచ్చగా నిలువు చారలు కనిపిస్తాయి. అవి వాటర్ ట్రాక్స్, కొండ మీది నీళ్లు దిగే దారులు. అక్కడా శాంపిల్ తియ్యి. నేల ఎంత లోతు కరిగిందో చూసే ఇనప కడ్డీ, థా ప్రోబ్, గుచ్చేటప్పుడు గడ్డిదుబ్బు మీదా, దుబ్బుల మధ్యా వేరుగా రాసుకో, రెంటినీ కలిపి సగటు తియ్యకు. రాయి తగిలితే ఠంగుమంటుంది, ఐసైతే మొద్దుగా ఆగుతుంది.

నీళ్లు అక్కడికక్కడే 0.45 మైక్రాన్ ఫిల్టర్‌లో వడకట్టు. కాటయాన్ల (కాల్షియం లాంటి ధనావేశపు అయాన్ల) సీసాలో ఆసిడ్ వెయ్యి, న్యూట్రియంట్ (నైట్రోజన్, ఫాస్ఫరస్ లాంటి పోషకాల) సీసాలో వెయ్యకు, దాన్ని ఫ్రీజ్ చెయ్యి. ఫాస్ఫరస్ విషయంలో మరీ జాగ్రత్త. అక్కడికి దగ్గర్లోని కుపరుక్ నదిలో పరిశోధకులు 1983 నుంచి వేసవిలో కొద్దిగా ఫాస్ఫరస్ కలుపుతూ వస్తే, కొన్నేళ్లకు నది అడుగంతా నాచు కమ్మేసింది. అంత కరువు దానికి అక్కడ! గ్లవ్స్ లేకుండా సీసా మూత కూడా ముట్టుకోకు.

ఆగస్టు వానల్లో గుడారంలో కూర్చోకు, మంచి డేటా అప్పుడే దొరుకుతుంది. సెప్టెంబర్లో వాగు గడ్డకట్టక ముందే నీటిమట్టం కొలిచే ప్రెషర్ సెన్సర్లు పైకి తీసెయ్యి, ఐసు పడితే పగిలిపోతాయి.