బార్బడోస్‌కి పర్సనల్ లోన్ తీసుకోవచ్చా?

ప్రశ్న: మాది హైదరాబాద్, మియాపూర్. ఇద్దరం ప్రైవేటు ఉద్యోగులం. ఇద్దరికీ కలిపి నెలకు 1.30 లక్షలు చేతికొస్తుంది. ఇంటి లోన్ ఈఎంఐ 41,000. కారు ఈఎంఐ 13,500, ఇంకా 10 నెలలు ఉంది. పాప స్కూలు ఫీజుతో కలిపి ఇంటి ఖర్చు 54,500. బ్యాంకులో 62 వేలున్నాయి. 2024 టీ20 వరల్డ్ కప్ ఫైనల్ చూసినప్పటి నుంచి బార్బడోస్ వెళ్లాలని కోరిక. సెప్టెంబరులో మా పదో పెళ్లిరోజు. ఆ నెల రేట్లు తక్కువని, ముగ్గురికీ 6 లక్షల్లో అయిపోతుందని ఏజెంటు అంటున్నాడు. గది అద్దె రాత్రికి 18 వేలు. 50 వేలు అడ్వాన్సు శుక్రవారంలోపు కట్టమన్నాడు. మూడేళ్లకు 14 శాతం వడ్డీతో పర్సనల్ లోన్ వస్తుంది. పైఖర్చులకు క్రెడిట్ కార్డు ఉంది. వెళ్లొచ్చా?

జవాబు: వద్దు. ఈ మధ్య ఇలాంటి ఉత్తరాలు వరసగా వస్తున్నాయి, అందుకే మీకు కాస్త గట్టిగానే చెబుతున్నాను.

మీరు చూసుకున్నది ఒకటే, ఈఎంఐ ఇముడుతుందా లేదా అని. ఇముడుతుంది. 6 లక్షలకు నెలకు దాదాపు 20,500. మీకు అన్నీ పోను మిగిలేది 21,000. అంటే మూడేళ్లలో మొదటి పది నెలలు, ముగ్గురు మనుషులున్న ఇంట్లో, నెలాఖరుకి ఐదొందలు మిగులుతాయి. పాపకి జ్వరమొచ్చి రక్త పరీక్షలు రాస్తే అవీ చాలవు. వడ్డీ రూపంలో పోయే 1.38 లక్షల సంగతి తర్వాత.

సెప్టెంబరు ఎందుకు చవకో ఏజెంటు చెప్పాడా? కరీబియన్‌లో జూన్ 1 నుంచి నవంబరు 30 దాకా తుఫాన్ల కాలం. సెప్టెంబరు దానికి నడినెత్తి. మీరు చూసిన ఫైనల్ జూన్ 29న జరిగింది. గెలిచిన జట్టు వెంటనే ఇంటికి రాగలిగిందా? బెరిల్ తుఫాను వచ్చి విమానాశ్రయం మూసేశారు, ఆటగాళ్లు హోటల్లోనే ఉండిపోయారు. మన సిరాజ్ కూడా వాళ్లలో ఉన్నాడు. బోర్డు ప్రత్యేక విమానం ఏర్పాటు చేస్తే జూలై 4 ఉదయానికి గానీ ఢిల్లీ చేరలేదు. మీకోసం ఎవరూ విమానం పంపరు కదా. మూడు రాత్రులు అదనంగా ఉండాల్సి వస్తే గదికే 54 వేలు. మీ 62 వేలలో మిగిలే 8 వేలతో ముగ్గురి భోజనం, మారిన టికెట్ల తేడా ఎలా కడతారు? కార్డు గీకుతారు. విదేశీ వాడకం మీద మూడు, మూడున్నర శాతం అదనపు రుసుము. బిల్లు పూర్తిగా కట్టలేకపోతే నెలకు మళ్లీ అంత వడ్డీ. దీన్ని పైఖర్చు అనరు, రెండో అప్పు అంటారు.

వైజాగ్‌లో చుట్టాలుంటే 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చిన వారం ఎలా గడిచిందో అడగండి. కరెంటు లేక ఏటీఎంలు పనిచేయలేదు. ఇంట్లో కాస్త నగదున్నవాళ్లు పాలు కొనుక్కోగలిగారు.

ఇప్పుడు అసలు విషయం. మీ ఇంట్లో నెలకు తప్పనిసరిగా పోయేది 1.09 లక్షలు. ఒకరి ఉద్యోగం పోతే? ప్రైవేటు కొలువులన్నారు కాబట్టే అడుగుతున్నాను. ఆరు నెలలకు 6.54 లక్షల అత్యవసర నిధి ఉండాలి, ఉన్నది 62 వేలు. పదిహేడు రోజులకు సరిపోతుంది. ఈ నిధి లేని ఇంటికి నేను మ్యూచువల్ ఫండ్ పేరు కూడా చెప్పను, విహారానికి సలహా ఏమివ్వను?

వెళ్లవద్దని కాదు. కారు లోన్ తీరాక మిగులు 34,500కి పెరుగుతుంది, నిధి లక్ష్యం 5.73 లక్షలకు దిగుతుంది. ముందు నిధి, తర్వాత ప్రయాణం అనుకుని నెలనెలా మిగులంతా పక్కన పెట్టండి. మీరు లోన్ తీర్చాలనుకున్న అదే మూడేళ్లకు, ఎఫ్‌డీ వడ్డీతో కలిపి, నిధీ నిండుతుంది, 6 లక్షలూ చేరతాయి. టికెట్ల ధర ఈలోగా పెరుగుతుంది నిజమే, జీతాలూ ఎంతో కొంత పెరుగుతాయి. అప్పుడు మే నెలలో వెళ్లండి. పాపకి సెలవులు, తుఫాన్ల కాలం ఇంకా మొదలవదు, చలికాలపు రద్దీ రేట్లూ ఉండవు. పెళ్లిరోజు సెప్టెంబరులోనే జరుపుకోవాలంటే అరకు ఉంది.

మిగతావి క్లుప్తంగా. బార్బడోస్‌కి మనకు వీసా అక్కర్లేదు గానీ దారిలో దిగే లండన్‌కో అమెరికాకో కావాల్సి రావచ్చు, ఆ ఖర్చు కొటేషన్‌లో ఉందేమో చూడండి. ట్రావెల్ ఇన్సూరెన్స్ టికెట్లతోపాటే తీసుకోవాలి, తుఫానుకి పేరు పెట్టాక కొన్న పాలసీ ఆ తుఫానుకి పనికిరాదు. భార్య బంగారం మీద లోన్ తీసుకుంటే వడ్డీ తగ్గుతుందని మీకు ఎవరైనా చెప్పబోతారు, వినకండి.

శుక్రవారం ఆ 50 వేలు ఏజెంటుకి కట్టకండి. అదే రోజు విడిగా ఒక ఎఫ్‌డీ తెరిచి అందులో వేయండి.