తీగల పెట్టె: నాన్నగారి గుండ్రటి గిటారు

హనుమకొండలో హార్మోనియం, తంబురా, గిటారు మరమ్మతులు చేసే మా శీర్షిక నిర్వాహకుడు పాఠకుల సందేహాలకు ఇస్తున్న జవాబులు ఇవి. ఓవేషన్ అనే అమెరికా కంపెనీ గిటార్లు మళ్ళీ తయారవుతున్నాయని కిందటి సంచికలో ఆయన రాసిన ఒకే ఒక్క వాక్యానికి ఉత్తరాలు వెల్లువెత్తాయి. అందుకే ఈసారి శీర్షిక మొత్తం ఆ గిటారుకే.

ప్రశ్న: మా నాన్నగారు రైల్వేలో పనిచేసేవారు. చర్చి గాయక బృందంలో ఆయన వాయించిన ఓవేషన్ గిటారు మా దగ్గరే ఉంది. వెనుక భాగం నల్లటి ఫైబర్, గుండ్రంగా ఉంటుంది. ఆ కంపెనీ మళ్ళీ మొదలైంది కదా, పాతది అమ్మేసి కొత్తది కొందామని తమ్ముడు అంటున్నాడు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, కాజీపేట

జవాబు: తమ్ముణ్ణి కాస్త ఆగమనండి, అమ్మా. లోపలి చీటీ చదవకుండా ఆ గిటారును గడప దాటనివ్వవద్దు. నాన్నగారి జ్ఞాపకం మీ ఇంటి సంగతి, అందులో నేను తలదూర్చను. నేను చెప్పేది వాద్యం సంగతి.

చార్లెస్ కామన్ అనే అమెరికా ఇంజనీరు 1945లో, ఇరవై ఆరేళ్ళ వయసులో, స్నేహితులు ఇచ్చిన రెండు వేల డాలర్లతో హెలికాప్టర్ల కంపెనీ పెట్టాడు. ఆ కంపెనీ హెలికాప్టర్లు వియత్నాం యుద్ధంలో కూలిపోయిన విమానాల సిబ్బందిని కాపాడాయి. అయితే కామన్‌కు గిటారు పిచ్చి. హెలికాప్టర్ చేసేవాడికి బద్ధశత్రువు వణుకు. రెక్కల వణుకును ఎలా అణచాలా అని తలలు బద్దలు కొట్టుకునే తన ఇంజనీర్లను పిలిచి, ఆ వణుకునే గిటారులో ఎలా బతికించాలో చూడమన్నాడు. అలా 1966లో కనెక్టికట్ రాష్ట్రంలో ఓవేషన్ పుట్టింది. గాజునారతో నేసిన గుడ్డను పొరలు పొరలుగా పేర్చి, రెజిన్ పట్టించి, వేడి అచ్చులో నొక్కితే వచ్చేదే మీ గిటారు వీపు. దానికి లైరాకార్డ్ అని పేరు పెట్టారు. చెక్క వీపు చదునుగా ఉంటుంది కాబట్టి అది వంగిపోకుండా లోపల అడ్డుబద్దలు వేయాలి. గుండ్రటి దానికి ఆ బద్దలు అక్కరలేదు, ఆకారమే దాని బలం. ముందు పలక మాత్రం స్ప్రూస్ అనే చెట్టు చెక్కే. ఈ మాట గుర్తుపెట్టుకోండి, కింద మళ్ళీ మళ్ళీ వస్తుంది.

గాయకుడు గ్లెన్ క్యాంప్‌బెల్ 1969లో మొదలైన తన టీవీ కార్యక్రమంలో ఓవేషన్ పట్టుకుని పాడడంతో అమెరికాలో ఇంటింటికీ ఆ పేరు చేరింది. 1976లో ఆడమాస్ అనే రకం వచ్చింది. దానికి ముందు పలక కూడా పూర్తిగా చెక్క కాదు, పలుచటి కార్బన్ పొరల మధ్య బిర్చి చెక్క పొర ఒకటి. మధ్యలో ఉండే పెద్ద రంధ్రాన్ని తీసేసి, పైవైపు రెండు పక్కలా చిన్న చిన్న రంధ్రాలు పెట్టారు. చుట్టూ రంగురంగుల చెక్క ఆకులు అతికించారు. అందం మాట వాళ్ళు వాళ్ళు తేల్చుకోవాలి, నాకైతే పెళ్ళిపందిరి గుమ్మంలా అనిపిస్తుంది.

ఇక చేతులు మారిన కథ. 2008 నాటికి కామన్ సంగీత వ్యాపారం ఫెండర్ అనే గిటార్ల సంస్థ చేతికి వెళ్ళింది. 2014 వేసవిలో ఓవేషన్ వాళ్ళ న్యూ హార్ట్‌ఫోర్డ్ కర్మాగారం మూతపడింది. ఏడాది తిరగకుండానే డ్రమ్ములు చేసే డ్రమ్ వర్క్‌షాప్ అనే అమెరికా సంస్థ ఆ పేరును కొని, అక్కడే మళ్ళీ పని మొదలుపెట్టింది. ఆ తరువాత అది జర్మనీకి చెందిన గేవా సంస్థకు చేరింది. కాబట్టి ‘మళ్ళీ మొదలైంది’ అని ఎవరైనా అంటే, ఏ రకం, ఏ దేశంలో తయారు అని రెండు ప్రశ్నలు అడగండి. ఓవేషన్ పేరుతో చౌకరకాలు పూర్వమే కొరియాలో, తరువాత చైనాలో తయారయ్యాయి. అవి చెడ్డవని కాదు, వాటి వెల వేరు, పని వేరు.

ఇప్పుడు మీ గిటారు. తీగలు వదులు చేసి, మధ్య రంధ్రంలోంచి టార్చి వేసి చూడండి. లోపల చీటీ మీద రకం సంఖ్య, వరుస సంఖ్య ఉంటాయి. 1111, 1117 వంటి నాలుగంకెలు ఉంటే అమెరికా పాత సరుకు. 1117 అంటే లెజెండ్ అనే రకం. 1617 అయితే అదే లెజెండ్, లోపల పికప్, అంటే తీగల కదలికను విద్యుత్తుగా మార్చి స్పీకరుకు పంపే పరికరం, ఉన్నది. సీసీ అనే అక్షరాలతో మొదలైతే సెలబ్రిటీ, ఏఈ ఉంటే అప్లాజ్, రెండూ చౌకరకాలు. నాలుగంకెలు కనబడితే తమ్ముణ్ణి నా దగ్గరికి పంపండి, నేను మాట్లాడతాను. సీసీ, ఏఈ అయితే మీ ఇష్టం. అప్పుడు కూడా కొత్తది కొనే డబ్బులో చిన్న వంతు పెట్టి పాతదాన్ని బాగు చేయించడమే నయమని నా అభిప్రాయం.

బ్రిడ్జిని కూడా చూడండి. తీగలు కట్టిన ఆ చెక్కముక్క వెనుక అంచు కింద పెళ్ళిపత్రిక అట్టముక్కను తోసి చూడాలి. లోపలికి దూరితే జిగురు వదిలింది. దూరిన గిటారుకు తీగలు బిగించి ఉంచితే ఒకనాడు టప్పుమని ఊడి వస్తుంది, పలక పొరను కూడా వెంట తెస్తుంది. తీగలు వదులు చేసి తీసుకురండి.

ప్రశ్న: మా గురువుగారు ఫైబర్ గిటారు గిటారే కాదంటారు. చెక్కకున్న ప్రాణం దానికి ఉండదట. నిజమేనా?
– సంగీత విద్యార్థి, కరీంనగర్

జవాబు: గురువుగారి చెవిని నేను తప్పు పట్టను. చదును వీపు గిటారులో ఉండే వెచ్చటి మంద్రం దీనిలో కాస్త తక్కువ. పైస్థాయి గళగళలాడుతుంది. మైకు లేకుండా గదిలో ఒంటరిగా వాయిస్తే ఆ తేడా తెలుస్తుంది. కానీ ‘గిటారే కాదు’ అనడం ఎక్కువ. మోగేది ప్రధానంగా ముందు పలక. అది స్ప్రూస్ చెక్కే అని పైన చెప్పాను. వీపు గుండ్రంగా ఉండడమూ మనకు వింత కాదు, మన వీణకు, తంబురాకు వీపులు చదునుగా ఉంటాయా? ఇప్పుడు మృదంగాలు సైతం ఫైబర్ కట్టెతో వస్తున్నాయి. వాటిని కచేరీలో వాయించేవాళ్ళు ఉన్నారు.

చేసిన పదార్థాన్ని చిన్నచూపు చూడవద్దు. రామప్ప గుడి విమానానికి నీటిలో తేలే ఇటుకలు కాల్చి వాడిన నేల మనది. అంత బరువుకు రాయి వద్దనుకున్నవాడు శిల్పి కాకుండా పోయాడా? ఇటాలియన్ మారియో మకాఫెరీ చెక్క గిటార్ల తయారీలో దిట్ట. ఆయన అమెరికా వెళ్ళి 1949లో ప్లాస్టిక్ ఉకులేలే చేస్తే లక్షల్లో అమ్ముడుపోయింది. అదే ఊపులో 1953లో పూర్తి ప్లాస్టిక్ గిటారు చేశాడు, అది మాత్రం అంతగా నడవలేదు. ముందు పలక కూడా ప్లాస్టిక్ కావడం అందుకు ఒక కారణమని నేను అనుకుంటాను. కామన్ చెక్క పలకను ఉంచాడు, గెలిచాడు.

ఇంకో మాట. వేదిక మీద ఈ గిటారు గెలవడానికి అసలు కారణం వీపు కాదు. 1970ల మొదట్లోనే సాడిల్ (బ్రిడ్జి మీద తీగలు ఆనుకునే సన్నటి పట్టీ) కింద, ఒక్కో తీగకు ఒక్కో పైజో ముక్క చొప్పున పికప్ పెట్టారు. ఒత్తిడి పడితే విద్యుత్తు పుట్టించే స్ఫటికాలు అవి. గాయకుడు మైకుకు అంటుకుపోయి నిలబడాల్సిన పని తప్పింది. మీ గురువుగారు పెళ్ళి కచేరీలో వాయిస్తే ఆ లాభం ఆయనకే ముందు తెలుస్తుంది.

ప్రశ్న: కూర్చుని వాయిస్తుంటే గిటారు ఒడిలోంచి జారిపోతోంది. ఏమైనా అతికించవచ్చా?
– మంచిర్యాల

జవాబు: జారుతుంది, దాని పుట్టుక అంత. ఏమీ అతికించవద్దు, జిగురు మరక జన్మలో పోదు. అల్మారా అరల్లో పరిచే గరుకు రబ్బరు షీటు ముక్క తొడ మీద వేసుకోండి. లేదా కూర్చున్నా భుజానికి పట్టీ తగిలించుకోండి, నిలబడి వాయించేవాళ్ళకు ఈ గొడవే లేదు. లోతు తక్కువ వీపు ఉన్న రకాలు కాస్త కుదురుగా ఉంటాయి, కానీ మంద్రం ఇంకా తగ్గుతుంది. ఏది వదులుకోవాలో మీరే చూసుకోండి.

ప్రశ్న: ఫైబర్ కాబట్టి ఎండకు ఏమీ కాదనుకుని గోడకు తగిలించాను. మే నెలలో పలక మీద తీగల దిశలో సన్నటి బీటలు కనిపించాయి. ఎలా?
– రామగుండం

జవాబు: ఈ ఒక్క ఉత్తరం కోసమే ఈ సంచికంతా రాస్తున్నాను అనుకోండి.

అందరూ చేసే పొరపాటు ఇదే. ఫైబర్ వీపుకు ఎండా వానా ఒకటే, నిజం. అదే చిక్కు. మామూలు గిటారులో ముందు పలక, వీపు, పక్కలు అన్నీ చెక్కే. గాలిలో తేమ తగ్గితే అన్నీ కలిసి కుంచించుకుంటాయి, పెరిగితే అన్నీ కలిసి ఉబ్బుతాయి. మీ గిటారులో వీపు కదలదు, పలక కదులుతుంది. పలక అంచులు కదలని గిన్నెకు జిగురుతో బిగిసి ఉన్నాయి. మధ్యలో చెక్క బిగుసుకుని చివరికి పాయల వెంట చీలుతుంది. వీపు చలించని గిటారుకు పలక మీద రెట్టింపు శ్రద్ధ కావాలి. ఫైబర్ కదా అని గోడకు తగిలించేవాళ్ళు చేసేది సరిగ్గా దీనికి ఎదురు.

మీ రామగుండంలో మే నెల ఎండ సంగతి నేను చెప్పాలా? పగలు నలభై దాటుతుంది, వడగాలికి తేమ ఆవిరైపోతుంది. రాత్రి కూలర్ వేస్తే అదే గదిలో తడిగాలి నిండుతుంది. పొడి, తడి, మళ్ళీ పొడి. చెక్క ఈ ఊగిసలాటను భరించలేదు. కూలర్ గాలి తగిలే చోట గిటారు ఉండకూడదు.

చేయాల్సింది ఇది. గట్టి పెట్టెలో పెట్టండి. మూతకు రంధ్రాలు పొడిచిన చిన్న సబ్బు పెట్టెలో, తడిపి బాగా పిండిన స్పాంజి ముక్క పెట్టి, పెట్టెలో గిటారు మెడ కింది ఖాళీలో ఉంచండి. నీటి చుక్క కారితే మళ్ళీ పిండండి. చవకగా దొరికే తేమ మీటరు ఒకటి కొని లోపల పడేయండి, 45 నుంచి 55 శాతం మధ్య ఉంటే చాలు. వానాకాలంలో స్పాంజి తీసేసి సిలికా పొట్లాలు పెట్టండి. కారులో, డిక్కీలో పెట్టి బజారుకు వెళ్ళకండి, లోపలి వేడికి జిగురు మెత్తబడి బ్రిడ్జి జారుతుంది.

ఇప్పటికే వచ్చిన బీటల మీద గోరు ఆనించి అడ్డంగా జరపండి. గోరు తట్టకుండా జారిపోతే అది పైనున్న వార్నిష్ బీట, పాత ఓవేషన్లలో మామూలు, శబ్దానికి నష్టం లేదు. గోరు తట్టుకుని ఆగితే చెక్క చీలింది. ముందు కొన్ని రోజులు పెట్టెలో తేమ పట్టించాలి, చీలిక దానంతట అది దగ్గరికి వస్తుంది. అప్పుడే జిగురు. పొడిగా ఉన్న చీలికలో జిగురు నింపితే, వానాకాలంలో చెక్క ఉబ్బి పక్కన ఇంకో చోట చీలుతుంది. ‘ఫటాఫట్’ అంటుకునే జిగురుతో వచ్చిన గిటార్లు నా బల్ల మీదికి చాలానే వచ్చాయి. దాన్ని గీకి తీసే పని గిటారు యజమాని కంటే నాకే ఎక్కువ బాధ.

ప్రశ్న: బండి మీద వెళ్తుంటే కోరుట్ల దగ్గర పడిపోయాను. దేవుడి దయవల్ల నాకు దెబ్బ తగల్లేదు కానీ గిటారు వీపు పగిలింది. పనికివస్తుందా?
– జగిత్యాల

జవాబు: వస్తుంది. చెక్క వీపు అయితే ఏడవాల్సింది. లోపలి వైపు గాజు గుడ్డ ముక్క, ఎపాక్సీ వేసి అతికిస్తే గట్టిగా కూర్చుంటుంది. బస్సుల, ఆటోల ఫైబర్ భాగాలు బాగుచేసేవాళ్ళకు ఆ పని వచ్చు, కానీ లోపల పలుచగా వేయమని పక్కన నిలబడి చెప్పండి. లేకపోతే నీళ్ళ ట్యాంకుకు వేసినంత మందం వేస్తారు. బయట గీతలు అలాగే ఉంచండి, రంగు వేయించకండి. దెబ్బ వీపుకు తగిలితే మెడ, పలక కలిసే చోటు కూడా కదిలి ఉండవచ్చు, అది చూడకుండా తీగలు బిగించకండి.

ప్రశ్న: ప్లగ్గు పెడితే గుయ్ మని శబ్దం, ఒక తీగ అసలు వినిపించడం లేదు. సాడిల్ మార్చేస్తే సరిపోతుందా?
– జనగామ

జవాబు: ముందు తొమ్మిది వోల్టుల బ్యాటరీ మార్చండి, సగం గోల అదే. ఒక తీగ మాత్రమే మూగబోతే దాని కింది పైజో ముక్క చెడి ఉంటుంది. పాత ఓవేషన్‌లో సాడిల్, పికప్ రెండూ ఒకే కూర్పు. మామూలు గిటారులోలాగా సాడిల్‌ను లాగి తీస్తే లోపలి సన్నటి తీగ తెగుతుంది. ముట్టుకోకండి, తెలిసినవాళ్ళకు ఇవ్వండి. వాయించనప్పుడు ప్లగ్గు పీకేయండి. అది గుచ్చి ఉన్నంతసేపూ బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది.

ప్రశ్న: గిటారు నేర్చుకోవడం మొదలుపెడుతున్నాను. మొదటి గిటారుగా ఓవేషన్ కొనమంటారా?
– నిర్మల్

జవాబు: వద్దు. మామూలు చదును వీపు గిటారు కొనండి. జారే గిటారుతో వేళ్ళ పని నేర్చుకోవడం కష్టం. చేయి కుదిరాక, వేదిక ఎక్కే రోజు వచ్చాక దుకాణానికి రండి, అప్పుడు రెండింటినీ పక్కపక్కన పెట్టి వాయిద్దాం.