5000 దాటిన బిల్లులు అడిగితే 40 రూపాయలవి ఎందుకొస్తున్నాయి?
డేటాబేస్‌ని అడిగే భాష ఎస్‌క్యూఎల్‌లో మీరు రాసిన షరతు ఇదీ: ఊరు = 'గుంటూరు' ఆర్ ఊరు = 'నెల్లూరు' యాండ్ మొత్తం > '5000'. ఎస్‌క్యూఎల్‌లో ఆర్ (లేదా) కంటే యాండ్‌ (మరియు) ముందు లెక్కకొస్తుంది. అందుకే 5000 షరతు నెల్లూరుకే అంటుకుంది, గుంటూరు బిల్లులన్నీ వచ్చేశాయి. రెండు ఊళ్ల షరతుల్నీ కలిపి బ్రాకెట్లలో పెట్టండి. అవసరం లేకపోయినా నేను పెడతాను, తర్వాత చదివేవాళ్లకి టెన్షన్ ఉండదు.

అసలు చిక్కు రెండోది. మీ 'మొత్తం' అనే కాలమ్ టైపు వర్‌కార్, అంటే అంకెల్ని కూడా అక్షరాలుగానే దాచేది. కోట్స్‌లో 5000 పెడితే పోలిక అక్షరాలవారీగా జరుగుతుంది: 9 అనేది 5 కన్నా పెద్దది కాబట్టి 900 వస్తుంది, 12000 రాదు! కోట్స్ తీసేస్తే పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ ఎర్రర్ ఇస్తుంది. మైఎస్‌క్యూఎల్ అనే మరో డేటాబేస్ మాత్రం చప్పుడు చేయకుండా సంఖ్యగా మార్చుకుంటుంది, '1,200'ని 1గా చదువుతుంది. కాబట్టి ముందు కామాలు తీసేసి, ఆ తర్వాత కాలమ్ టైపునే సంఖ్యలు దాచే డెసిమల్‌గా మార్చేయండి.