వేళ్లు ఆకులవుతున్నప్పుడు కత్తెర ఎక్కడ ఆగాలి?

ప్రశ్న: మేడమ్, మాది పర్లాకిమిడి. బరోక్ పద్ధతిలో, అంటే 1600ల నాటి యూరప్ కళాశైలిలో, నల్ల కాగితం కత్తిరించి చేసే నీడబొమ్మలు చూసినప్పటి నుంచి అదే ధ్యాస. గ్రీకు కథలో అపోలో దేవుడు వెంటపడితే డాఫ్నీ అనే అమ్మాయి చెట్టయిపోతుంది కదా, ఆ బొమ్మ మొదలెట్టాను. దూరం నుంచి చూస్తే నల్ల ముద్దలా ఉంది, కొమ్మలేమో ఊడి చేతికొస్తున్నాయి. ఏం చెయ్యాలి?

జవాబు: బహుశా అమ్మాయిని ఎదురుగా నిలబెట్టి గీసి ఉంటారు. నీడబొమ్మలో కథంతా అంచే చెప్పాలి కాబట్టి ముఖం పక్కకు తిప్పండి, చేతులు ఒంటికి అంటకుండా పైకి చాపండి. ఇటలీ శిల్పి బెర్నినీ 1622-25 మధ్య చెక్కిన అపోలో, డాఫ్నీ శిల్పం రోమ్‌లో బోర్గీస్ గ్యాలరీలో ఉంది. దాని ఫొటోలో ఆమె చేతులు చూడండి, వేళ్ల చివర్న ఆకులు మొలుస్తున్నాయి, కింద కాలివేళ్లు వేర్లవుతున్నాయి, నోరు ఇంకా తెరుచుకునే ఉంది. బరోక్ అంటే నాకు ప్రాణం అందుకే, పని సగంలో ఉన్న క్షణాన్ని పట్టుకుంటుంది. పూర్తిగా మారిపోయాక చేస్తే అది ఒట్టి చెట్టే.

అంచు బలం తెలియాలంటే మన ఒడిశా తోలుబొమ్మలాట రావణఛాయ చూడండి. ఆంధ్రా తోలుబొమ్మలకు రంగులుంటాయి, రావణఛాయ బొమ్మలకు రంగుల్లేవు, కాళ్లూ చేతులూ విడిగా కదలవు, అయినా తెర మీద ఎవరు ఎవరో తెలిసిపోతుంది.

ఇక కొమ్మలు ఊడటం. నల్లటి ప్రతి ముక్కా పక్కదానికి ఎక్కడో ఒకచోట అంటుకుని ఉండాలి, ఆ వంతెనలు పెన్సిల్‌తో గీసేటప్పుడే వేసుకోవాలి, జుట్టు పాయ కొమ్మను తాకాలి, కొమ్మ భుజాన్ని తాకాలి. కాగితం వెనకవైపు తిరగేసి గీయండి, గీతలు ముందు కనబడవు. లోపలి చిన్న చిన్న ఖాళీలు ముందు కోసి, బయటి అంచు చివర్న కోయండి, లేకపోతే పట్టుకోడానికి కాగితం మిగలదు. వంపు దగ్గర బ్లేడు తిప్పకుండా కాగితాన్నే తిప్పండి. మందం చార్టు వద్దు, సన్నటి మలుపుల్లో అంచు చిరుగుతుంది.

తర్వాత గజేంద్రమోక్షం చేయండి, తామర తూళ్లే వంతెనలైపోతాయి. ఒడ్డున మన జీలుగు చెట్టు పెట్టండి, చేపతోకలాంటి ఆ ఆకు నీడలో ఎంత బాగుంటుందో! మొసలి ఏనుగు కాలు పట్టిన చోట మాత్రం రెండూ కలిసిపోకుండా సన్నటి తెల్ల గీత వదలండి.