రాకు మొదలుపెడుతున్న అమ్మాయికి

చిట్టితల్లీ,

రాకుని, అంటే ఎర్రగా కాలుతున్న మట్టి బొమ్మని కొలిమిలోంచి తీసి పొగ పెట్టే పద్ధతిని, నమ్ముకుని శిల్పిగా నిలబడగలనా పెద్దమ్మా అని అడిగావు. నిలబడగలవు. కానీ నువ్వు మురిసిపోతూ పంపిన ఫొటోల్లో ఆ రాగి మెరుపుంది చూడు, అది ఉండిపోయేది కాదు. పొగలో ఆక్సిజన్ అందక లోహంగా మారిన రాగి, ఏళ్లు గడిచేకొద్దీ గాలి తగిలి మళ్లీ పచ్చబడుతుంది. పైన సీలర్ (గాలి తగలకుండా ఆపే పూత) పూస్తే కాస్త ఆలస్యమవుతుంది, అంతే. అందుకే మెరుపు పోయాక కూడా చూడాలనిపించే బొమ్మనే రాకుకి పెట్టు. బిస్క్ (పూత లేకుండా మొదటిసారి కాల్చడం) కాల్చాక వెంటనే గ్లేజ్ (కాలితే గాజులా మారే పూత) వెయ్యకు. కొన్నాళ్లు కళ్లెదుట ఉంచుకో. మెడ వంపు, భుజం బరువు ఆ ఉత్త మట్టిలోనే కుదరకపోతే ఏ పొగా దాన్ని కాపాడదు.

మట్టి సంగతి. స్టోన్‌వేర్ (ఎక్కువ వేడికి రాయిలా గట్టిపడే) మట్టిలో నాలుగో వంతు దాకా గ్రాగ్ (కాల్చి నలగ్గొట్టిన మట్టి రవ్వ) కలుపు. ఎర్రగా కాలుతున్న ముక్కని ఒక్కసారిగా చల్లగాలిలోకి లాగుతాం కదా, ఆ దెబ్బకి తట్టుకోవాలంటే మట్టి గరుకుగా, గుల్లగా ఉండాలి. మందం అంతటా ఒకేలా ఉండాలి. సన్నటి చెయ్యి లావు మొండేనికి అతికే చోటే బీట పడుతుంది. 573 డిగ్రీల దగ్గర మట్టిలో ఉండే క్వార్ట్జ్ అనే ఖనిజం ఉన్నట్టుండి పరిమాణం మారుతుంది, పెద్ద బొమ్మల్ని ఆ దరిదాపుల్లో నిదానంగా దాటించు.

వెయ్యి డిగ్రీలకు దగ్గరపడ్డాక మీటరొక్కదాన్నే నమ్మకు, కిల్న్ (బొమ్మలు కాల్చే కొలిమి) కన్నంలోంచి చూడు. గ్లేజ్ ముందు బుడగలు కక్కుతుంది, తర్వాత అణిగి తడిసినట్టు నిగనిగలాడుతుంది. అప్పుడు పట్టకారు అందుకో. తెల్ల గ్లేజ్‌లో పగుళ్ల గీతలు కావాలంటే కొన్ని క్షణాలు గాలిలో ఆపు, టింగుటింగుమని వినిపిస్తుంది. ఆ పగుళ్లలోకే పొగ నల్లగా దిగుతుంది. రాగి గ్లేజైతే ఆగొద్దు, నేరుగా రంపపు పొట్టున్న డ్రమ్ములోకి దించి మూత బిగించు. ఎలా వచ్చిందో చూడాలని మధ్యలో మూత ఎత్తావా, గాలి దూరి రంగు పోతుంది. నీళ్లలో ముంచడం చిన్న గిన్నెలకు సరేగానీ శిల్పాలకు వద్దు.

ఒంటిమీద నూలు బట్టలే ఉండాలి, చున్నీ తీసెయ్యి, జుట్టు ముడేసుకో. పక్కన ఇంకొకరు లేకుండా కిల్న్ తెరవొద్దు. కిల్న్ లోపల వేడి ఆపడానికి పరిచే ఫైబర్ దుప్పటి కోసేటప్పుడు మాస్కు తప్పనిసరి, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు.

కేటలాగులో "ప్రాచీన జపాన్ పద్ధతి" అని మాత్రం రాయకు. 16వ శతాబ్దంలో క్యోటోలో చోజిరో అనే కుమ్మరి, తేనీటి గురువు సెన్ నో రిక్యూ కోసం చేసిన గిన్నెలను కిల్న్‌లోంచి వేడివేడిగా తీసేవారు, నిజమే. పొట్టులో పడేసి పొగ పెట్టడం 1960లో కాలిఫోర్నియాలో పాల్ సోల్డ్‌నర్ మొదలుపెట్టిన దారి. నువ్వు చేస్తున్నది అదే. తెలిసినవాళ్లు ఆ ఒక్క వాక్యంతోనే నిన్ను అంచనా వేస్తారు.

వీలైతే కొన్నాళ్లు పాండిచ్చేరి వెళ్లిరా. 1971లో రే మీకర్, డెబొరా స్మిత్ అక్కడ గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీ పెట్టాకే మన దేశంలో స్టూడియో సిరామిక్స్‌కి (కళాకారులు సొంతంగా చేసే మట్టి పనికి) ఒక తరం తయారైంది. పెద్ద పనులు చూడాలంటే 2018లో జైపూర్‌లో మొదలైన ఇండియన్ సిరామిక్స్ ట్రియెన్నాలే అనే ప్రదర్శన మీద కన్నేసి ఉంచు.

బతుకుతెరువుకి రాకు ఒక్కటే పెట్టుకోకు. తోటలో పెట్టే బొమ్మలు అడుగుతారు, వాటికి 1200 దాటించి కాల్చే స్టోన్‌వేరే మేలు. రాకు గుల్ల మట్టి, నీళ్లు పీలుస్తుంది, తిండికీ పనికిరాదు. ఇంట్లోనే ఉంచాలి, ఎండ తగలనీయకూడదు, రంగు మారుతుంది అని బిల్లు మీదే రాసివ్వు. ధర కట్టేటప్పుడు డ్రమ్ములో పగిలిపోయినవాటి మట్టి, గ్యాసు ఖర్చు కూడా కలుపుకో, మొహమాటపడకు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ