గాలి ఎటు వీస్తోంది?

విశాఖపట్నం,
ఏప్రిల్ 22

చిరంజీవికి ఆశీస్సులు.

అమ్మా, నువ్వు పంపిన వేట కథ అందింది. వాక్యం నీ చేతికి లొంగుతోంది, అందులో సందేహం లేదు. అయితే 11 పేజీల కథలో కణుజు, అదే ఆ పెద్ద కొమ్ముల జింక, మూడో పేజీలోనే నేలకూలింది. ఆ తర్వాత ఎనిమిది పేజీల నిండా వేటగాడి మీసకట్టు, భుజబలం, ఊరివాళ్ల జేజేలు తప్ప మరేమీ కనిపించలేదు. బాణం తొందరగా వదిలేశావనిపించింది.

ఈ మాట నిన్ను చిన్నబుచ్చడానికి అనడం లేదు. సుమారు 40 ఏళ్ల కిందట మహారాణిపేటలో ఒక అద్దెగదిలో కూర్చుని, అడవిలో ఒక్క రాత్రి కూడా గడపకుండా, నేనూ అచ్చంగా ఇలాంటి కథే రాశాను. పాడేరు వైపు నుంచి పనిమీద పట్నం వచ్చిన ఒక పెద్దాయనకు దాన్ని చదివి వినిపించాను. ఆయన చుట్ట ఆర్పకుండా ఆసాంతం విని, "గాలెటు ఈస్తంది బాబూ?" అన్నాడు. నాకు అర్థం కాలేదు. నా వేటగాడు గాలిని వీపున పెట్టుకుని మృగం వైపు నడిచాడట. అలా నడిస్తే మనిషి వాసన మనిషి కన్నా ముందే చేరుతుంది కాబట్టి, అతడు విల్లు ఎక్కుపెట్టే వేళకు కణుజు పక్క కొండమీద ఉంటుందట. కాసేపాగి ఆయనే మళ్లీ, "మాంసం ఎవులెవులు పంచుకున్నారు?" అని అడిగాడు. ఆ రెండు ప్రశ్నలకూ నా కథలో జవాబు లేదు. నీ కథలోనూ లేదు.

మొదటి ప్రశ్నకు జవాబు వెతకడం మొదలుపెడితే వేట అంటే చంపడం కన్నా చదవడమని తెలుస్తుంది. అడుగుజాడ అంచు ఇంకా తడిగా ఉందా, ఎండి రాలిపోతోందా, పెంటిక మీద పొర కట్టిందా, వంగిన గడ్డి ఎంతవరకు లేచింది అన్నవి వేటగాడికి అక్షరాలు. మన భాషలోనూ జాడ, మాటు, మంచె, ఉరి, ఉచ్చు, బోను, ఎర అంటూ దేనికది వేరుగా మాటలున్నాయి. ఉచ్చు పన్నేవాడి ఓపిక వేరు, మంచె మీద కూర్చునేవాడి ఓపిక వేరు. ఆఫ్రికాలో కలహారి ఎడారిలోని సాన్ తెగ వేటగాళ్లు ఒక రకం పెంకుపురుగు లార్వాల నుంచి తీసిన విషాన్ని బాణానికి పూస్తారు. ఆ విషం నెమ్మదిగా పనిచేస్తుంది కనుక, పెద్ద జంతువైతే బాణం తగిలాక కూడా గంటల తరబడి, ఒక్కోసారి మర్నాటి దాకా తిరుగుతూనే ఉంటుంది, వేటగాడు దాని జాడ పట్టుకుని నడవాలి. నీ కథ ముగిసిన చోట వాళ్ల అసలు పని మొదలవుతుంది.

రెండో ప్రశ్న ఇంకా లోతైనది. 1960లలో బోట్స్వానాలోని డోబే ప్రాంతంలో సాన్ ప్రజల మధ్య గడిపిన మానవశాస్త్రవేత్త రిచర్డ్ లీ ఒక సంగతి రాశాడు. అక్కడ వేటమాంసాన్ని పంచే హక్కు బాణం వేసినవాడిది కాదు, ఆ బాణం ఎవరిదో వాళ్లది. వేటగాళ్లు ఒకరి బాణాలు ఒకరికి ఇచ్చిపుచ్చుకుంటారు గనుక, ఇంటి దగ్గరే ఉండిపోయిన ముసలాయనో, ఒక స్త్రీయో ఆ రోజు పంపకం చేయవలసిన వ్యక్తి కావచ్చు. క్రిస్మస్ విందుకని లీ ఒక బాగా బలిసిన ఎద్దును కొనిపెడితే, వాళ్లంతా కలిసి అది ఎముకల గూడని రోజుల తరబడి ఎద్దేవా చేశారు. కారణం అడిగితే, ఎక్కువ మాంసం తెచ్చిన కుర్రవాడు తననొక పెద్దగా, మిగతావాళ్లను తన సేవకులుగా భావించడం మొదలుపెడతాడని, ఆ గర్వం ఎప్పుడో ఒకరి ప్రాణం తీస్తుందని చెప్పారట. మన మన్యంలో చైత్రమాసంలో జరిగే ఇటుకల పండుగలోనూ మగవాళ్లు అడవికి వేటకు వెళ్తారు. ఉత్తచేతులతో తిరిగివస్తే ఆడవాళ్లు పేడనీళ్లు చల్లి ఆటపట్టిస్తారు. వేట దొరికినవాడినీ దొరకనివాడినీ కూడా నవ్వుతో నేలమీదికి దించే ఈ తెలివి నీ కథలోకి వస్తే, ఆ జేజేలు వాటంతటవే సద్దుమణుగుతాయి.

ఇంకో మాట. నీ కథలో స్త్రీలందరూ గుమ్మాల్లో నిలబడి ఎదురుచూస్తూ ఉన్నారు. ఇలా రాసింది ఆడపిల్లవైన నువ్వేనని మరిచిపోలేకపోతున్నాను. 1966లో చికాగోలో 'మనిషి వేటగాడు' అన్న అర్థం వచ్చే పేరుతోనే ఒక పెద్ద సదస్సు జరిగింది. ఆ సదస్సులోనే లీ చూపిన లెక్కల ప్రకారం డోబే ప్రజల తిండిలో సగానికి పైగా ఏరి తెచ్చిన కాయలు, గింజలు, దుంపలే. వాటిని ఎక్కువగా తెచ్చేది స్త్రీలే. నల్లమల చెంచుల చేతిలో విల్లంబులు మనకు కనిపిస్తాయి కానీ, దుంపలు తవ్వే గునపం కనిపించదు. వేట కేవలం మగవాళ్ల పనేనన్నదీ నిలిచే మాట కాదు: పెరూ పర్వతాల్లో దాదాపు 9,000 ఏళ్ల నాటి సమాధిలో వేట పనిముట్లతో పాటు పూడ్చిన అస్థికలు ఒక యువతివని 2020లో ప్రకటించారు.

సాహిత్యం సంగతికి వస్తే, మన దగ్గర వేటగాడు కావ్యానికి గుమ్మం దగ్గరే ఉన్నాడు. క్రౌంచపక్షిని కొట్టిన నిషాదుడిని చూసి వాల్మీకి నోట శ్లోకం పుట్టిందంటాం. ఆ నిషాదుడు మాత్రం నోరు విప్పడు, ఆ పూట అతడి ఇంట్లో పొయ్యి వెలిగిందో లేదో ఎవరూ అడగరు. భారతంలో పాండురాజు జింకల జంటను కొట్టినప్పుడు, మృగరూపంలో ఉన్న కిందముడనే ముని మృగాలను వేటాడినందుకు రాజును తప్పుపట్టడు, సంగమవేళ కాసేపు ఆగలేకపోయినందుకు శపిస్తాడు. వేటకూ ఒక మర్యాద ఉందని ఆ ఘట్టం చెబుతోంది. ఏకలవ్యుడి ప్రతిభ లోకానికి తెలిసింది కూడా వేటకుక్క వల్లనే. పాండవుల వెంట అడవికి వచ్చిన ఆ కుక్క మొరిగితే, దాని నోట్లో ఏడు బాణాలు నాటాడు, అది నడిచి వెనక్కి వచ్చింది. ఆ కథను మనం ఎప్పుడూ వెనక్కి వచ్చిన కుక్కను చూసినవాళ్ల వైపు నుంచే విన్నాం.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనవాడు ధూర్జటి శ్రీకాళహస్తీశ్వర మాహాత్మ్యంలోని తిన్నడు. పుక్కిట పట్టి తెచ్చిన నీళ్లు, రుచి చూసి ఏరిన మాంసం అతడి పూజాద్రవ్యాలు. శివుడి కంట నెత్తురు కారితే తన కన్ను పెకలించి అతికాడు. రెండో కంటా కారింది. రెండోది కూడా తీస్తే తనకు చూపు ఉండదు, అతికే చోటు తెలియదు. అందుకని లింగం మీద ఆ చోట ముందుగా కాలు ఆనించి గుర్తు పెట్టుకున్నాడు. ఈ ఘట్టాన్ని అందరూ భక్తిగా చదువుతారు, నేనూ చదువుతాను. కానీ కాలితో గుర్తు పెట్టుకోవాలన్న ఆలోచన పూజారికి తట్టదు, చీకట్లో గురి తప్పకుండా బతికిన బోయవాడికే తడుతుంది. పాత్ర వృత్తి అతడి మీసంలో కాకుండా అతడి నిర్ణయంలో కనబడాలని నేను నేర్చుకున్నది అక్కడే.

ఇండొనేసియాలోని సులవేసి దీవి గుహలో 40,000 ఏళ్లు దాటిన వేట చిత్రం ఒకటి ఉందని 2019లో ప్రకటించారు. అందులో అడవిదున్నలు, పందులు పెద్దవి, వాటికి ఎదురుగా ఉన్న మనుషుల వంటి రూపాలు చాలా చిన్నవి. ఆ రూపాల్లో కొన్నింటికి తోకో, ముట్టెలాంటి ముఖమో ఉంది. వేటాడేవాడిలోకి వేటాడబడేది కొంత ప్రవేశించినట్టుగా ఆ పేరు తెలియని చిత్రకారుడు గీశాడు. నీ కథలో కణుజుకు కళ్లు కూడా లేవు, కొమ్ములు మాత్రమే ఉన్నాయి.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దృష్ట్యా చివరలో పశ్చాత్తాపం పేరా ఒకటి అతికించినట్టున్నావు. అది తీసెయ్యి. కథ ఏ కాలంలో జరిగిందో మొదటి పేజీలో తెలిస్తే చాలు.

అడవి దూరమని బెంగపడకు. మన విశాఖలో వేట అంటే ముందుగా గుర్తొచ్చేది సముద్రమే. జాలారిపేటలో "యాటకెల్నాడు" అంటే తెప్ప మీదో బోటు మీదో వెళ్లాడని అర్థం. ఇక్కడా గాలి, నీటి రంగు, పక్షుల గుంపు చూసి జాడ పడతారు. ఇక్కడా పడవకు, వలకు, మనిషికి వాటాలున్నాయి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం కాబట్టి, ఇప్పుడు బోట్లన్నీ హార్బరులో లంగరు వేసి ఉన్నాయి, మనుషులు నీడన కూర్చుని వలలు బాగుచేసుకుంటున్నారు, మాట్లాడే తీరిక వాళ్లకు ఉండేది ఈ రెండు నెలలే. వచ్చే ఆదివారం పొద్దున్నే ఆరింటికి రా, వెళ్దాం. కథ ప్రతిని దీనితో పాటు తిప్పి పంపుతున్నాను. మూడో పేజీ అంచున పెద్దాయన రెండు ప్రశ్నలూ పెన్సిలుతో రాసి పెట్టాను.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి